రూటులో లేని రీడింగు

ఉదయం 10.42కి నీటి సరఫరా ఆఫీసు మీటరు రీడరు నంబరు 117, ఊరికి ఉత్తరాన ఉన్న మూడంతస్తుల అద్దె భవనంలో మెట్ల కింద వంగి, ఒక మీటరుకు ఫోటో తీసి పంపింది. ఆ భవనం ఆమె రూటులో లేదు.

ఆ 117 నేనే. పదమూడేళ్లుగా ఇదే పని. ఫోటో వెళ్లిన మూడు సెకన్లకు ఫోను వణికింది, తెర మీద ఎర్ర గీత పడింది, గీత కింద అక్షరాలు: పరిధి దాటిన రీడింగు. నాలుగు రోజుల క్రితం ఇదే గీత చూసి భయపడ్డాను. ఇవాళ దాని కోసం ఎదురుచూసి, వచ్చాక రెండో మెట్టు మీద కూర్చుని ఫోను మోకాలి మీద పెట్టుకున్నాను. ఫోటో తీసే ముందు తలనూనె వేలికి అంటించుకుని లెన్సు మీద రుద్దాను, రీడింగు తెలుస్తుంది, మీటరు నంబరు తెలియదు. వీధి దొరుకుతుంది, ఇల్లు దొరకదు. దొరకాలంటే మనిషి రావాలి. రానీ. గేటు మీద నా ఆఫీసు కోటు ఆరేసినట్టు వేలాడదీశాను, రోడ్డు మీంచే కనబడుతుంది. ఊరికి ఆ చివర, చుట్టం కాకపోయినా మేం పిన్ని అని పిలిచే దర్జీ పిన్ని సందు మొదట్లో, టీ కొట్టు బల్ల మీద మూడు రోజులుగా కూర్చుంటున్న మనిషి ఫోనులో కూడా ఈపాటికి ఈ గీత పడి ఉంటుంది. అతను నా చెల్లెలి మొగుడు, మా మరిది. మా ఆఫీసులోనే కంట్రోలు రూములో చేస్తాడు. ముప్పై నలుగురు రీడర్లు గోడ మీది తెరలో ముప్పై నాలుగు చుక్కలై తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం అతని పని, ఇప్పుడు సెలవు పెట్టి తన ఫోనులో నా ఒక్క చుక్కే చూస్తున్నాడు. ఆ సందులో నలభై ఇళ్లు. అందులో ఒక ఇంట్లో నా చెల్లి ఉందని అతనికి తెలుసు, ఏ ఇల్లో తెలియదు. అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు దానికి పిచ్చుక. పక్క ఊరికి బస్సు 11.35కి, దక్షిణం స్టాపు నుంచి, రోజుకు ఒకటే. అతను ఆ బల్ల మీంచి లేస్తే గానీ పిచ్చుక గడప దాటలేదు. అతను లేవాలంటే నా చుక్క ఇక్కడ పడాలి, పడి కదలకుండా ఉండాలి, చెల్లి ఇల్లు మారిందని, అక్క దాన్ని చూడ్డానికి వచ్చిందని అతను అనుకోవాలి. అంతే పని, గంటసేపు ఒక మెట్టు మీద కూర్చోవడం. పదమూడేళ్లలో డ్యూటీలో కూర్చున్నది లేదు. ఇవాళ కూర్చుంటాను.

నడుము దగ్గర అమ్మ పాత బటన్ల ఫోను ఉంది. దానికి తెర అగ్గిపెట్టెంత, మాట్లాడటం తప్ప ఇంకేం చేతకాదు. పిన్ని ఒకసారి మోగించి పెట్టేస్తే అతను లేచాడని, రెండుసార్లు మోగిస్తే బస్సు కదిలిందని. ఎత్తొద్దు, మాట్లాడొద్దు, అని పిన్నే చెప్పింది, మూతిలో సూది పెట్టుకుని చెప్పింది. పది యాభై ఒకటికి అది ఒకసారి మోగి ఆగింది. లేచాడు. ఆ చివర నుంచి ఈ చివరకు బండి మీద ఇరవై నిమిషాలు, రైలు గేటు పడితే ఇరవై అయిదు. పడాలని కోరుకున్నాను, పడకపోయినా ఏం కాదు, ఇంతకు ముందు భయం ఉన్న చోట ఇప్పుడు ఒక విధమైన మొండితనం వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు బడిలో టీచరు చెయ్యి చాపమంటే రెండూ చాపేదాన్ని, అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ఒకటి చాపితే చాలుగదే అని. ఆఫీసు ఫోను మోకాలి మీద వేడెక్కుతోంది. ఏ పనీ చేయకపోయినా వేడెక్కుతుంది. మూడేళ్ల క్రితం మా దగ్గర రీడింగు పుస్తకాలు, పెన్సిళ్లు తీసేసుకుని ఇవి ఇచ్చారు. ఒక్కొక్కరికీ సంతకం పెట్టించుకుని, చవగ్గా వచ్చాయి, జాగ్రత్తగా వాడుకోండి, అన్నాడు సూపర్‌వైజరు. ఎందుకు చవగ్గా వచ్చాయో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అరగంట ఆపేస్తే ఆబ్సెంటు. లొకేషన్ ఆపితే నిమిషంలో తనంతట తనే తెరుచుకుంటుంది. ఇంటికెళ్లాక కూడా తెరుచుకునే ఉంటుంది, ఆ సంగతి ఏడాది తర్వాత తెలిసింది, కంట్రోలు రూములో ఒకడు నవ్వుతూ, అక్కా, మొన్న ఆసుపత్రిలో చాలాసేపు ఉన్నారే, అన్నప్పుడు. నా కడుపు సంగతి నేను మా ఆయనకు కూడా అప్పటికి చెప్పలేదు.

మార్కెట్టు మూల ఫోన్లు బాగుచేసే మనిషిని అందరూ స్క్రూ అక్క అంటారు, పనిచేస్తున్నంతసేపూ పెదాల మధ్య స్క్రూలు పెట్టుకుంటుంది, నవ్వుతోందో తిడుతోందో తెలియదు. నా ఫోను ఇచ్చి, అక్కా, ఇందులో నన్ను చూసేది తీసెయ్, అన్నాను. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఒక్కో స్క్రూ గిన్నెలో ఉమ్మి చెప్పింది. "తీసేదేముందే, పుట్టుకతోనే ఉన్నాయి ఇందులో. నాలుగు తీస్తాను, రెండు రావు. కొన్నప్పటి నుంచి దీనికి ఒక్క అతుకూ పడలేదు, ఎక్కడపడితే అక్కడ చిల్లులే. వీధి కుళాయి అనుకో. నువ్వు పట్టుకోవచ్చు, పోయేవాడూ పట్టుకోవచ్చు." నీళ్ల మనిషినని నాకు నా భాషలోనే చెప్పింది. తర్వాత నా వెంట వచ్చిన పిచ్చుక దగ్గరి ఫోను కూడా అడిగి తీసుకుంది. అది పెళ్లయిన నెలకు మరిది కొనిచ్చినది. డబ్బా తెరవకుండా ఇవ్వలేదు, తనే తెరిచి, తనే అన్నీ పెట్టి, వాడుకో, అని ఇచ్చాడు. స్క్రూ అక్క తెరను మాకు చూపించి అడిగింది, క్యాలిక్యులేటర్లు రెండున్నాయేంటి అని. పిచ్చుక అంది, రెండూ నేను వాడను. "ఒకటి కూడికలు చేస్తుంది. రెండోది మీ ఆయనకు చెబుతుంది," అంది అక్క, అప్పుడు పెదాల మధ్య ఒక్క స్క్రూ కూడా లేదు. ఆ రోజు పిచ్చుక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అది అన్న మాట ఒకటే, "అయితే పక్కింటావిడ కాదన్నమాట." మందుల షాపులో పదకొండు నిమిషాలెందుకు, వెనక వీధి నుంచి ఎందుకొచ్చావు, లైబ్రరీ మెట్ల మీద ఎవరితో కూర్చున్నావు, అని రోజూ రాత్రి అన్నం దగ్గర అడుగుతుంటే, తన మీద ఎవరో చాడీలు చెబుతున్నారనుకుంది. ముందు పక్కింటావిడను అనుమానించింది, తర్వాత పాలవాడిని, తర్వాత నన్ను. రెండేళ్లు ఆ వీధిలో ఎవరినీ పలకరించలేదు. నాతో కూడా తలుపు దగ్గరే మాట్లాడి పంపేది. మనుషులందరినీ దూరం పెట్టింది, దిండు పక్కన మాత్రం ఆ ఫోనే పెట్టుకుని పడుకుంది.

సంబంధం తెచ్చింది నేను. దీన్ని ఎటు తిప్పి చెప్పినా ఇలాగే వస్తుంది, నేనే తెచ్చాను. ఎండాకాలం, మూడో వార్డులో, కళ్లు తిరిగి ఒక గోడ నీడన కూలబడ్డాను, ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. కంట్రోలు రూము నుంచి మెత్తటి గొంతు, "అక్కా, ఇరవై నిమిషాలుగా కదల్లేదు. బాగానే ఉన్నారా? ఆటో పంపమంటారా?" పంపాడు కూడా. పదేళ్ల పనిలో నన్ను అలా అడిగినవాడు లేడు. గొంతెత్తడు, సిగరెట్టు లేదు, ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టుకుని ఉంటాడు, ఇలాంటివాడైతే మన పిచ్చుకను బాగా చూసుకుంటాడు, అని అమ్మతో అన్నది నేను. చూసుకున్నాడు. ఎప్పుడూ వెళ్లే మందుల షాపు కాక ఇంకోదానికి వెళ్లినందుకు దాని కుడిచేతి రెండు వేళ్లు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. గొంతెత్తలేదు. పోలీసు స్టేషనుకు వెళ్తే అక్కడి ఆయన కట్టు కట్టిన వేళ్ల వంక చూసి, సాక్షులున్నారా అన్నాడు, లేరంటే, పెళ్లాం ఎక్కడుందో మొగుడు చూసుకోవడం కూడా కేసేనా తల్లీ, అని కుర్చీలో వెనక్కి వాలాడు. తొమ్మిది రోజుల క్రితం, మంగళవారం, పిచ్చుక ఆ ఫోనుకు ఛార్జింగు పెట్టి, దిండు కింద పెట్టి, దుప్పటి సరిచేసి, ఒక సంచితో బయటికొచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కంట్రోలు రూములో కూర్చుని అతను దిండును కాపలా కాశాడు. ఒంట్లో బాగోలేదా, పడుకునే ఉన్నావు, అని మెసేజి కూడా పెట్టాడట. ఆ తెలివి పిచ్చుకది, నాది కాదు. ఇవాళ నేను చేస్తున్నది దాన్ని చూసి నేర్చుకున్నదే.

దాన్ని పట్టించింది మాత్రం నేను. ఆదివారం, సెలవు రోజు, రెండు జతల బట్టలిద్దామని పిన్ని ఇంటికెళ్లాను, ఆఫీసు ఫోను ఇంట్లో పెట్టి వెళ్లాల్సింది, సంచిలో ఉంది, ఉందని కూడా గుర్తు లేదు. పిన్ని వాకిట్లో చెక్క మూత కింద మీటరు. మంగలి కళ్లు ఎదురుగా వచ్చేవాళ్ల జుట్టు మీదికే పోతాయంటారు, నా చెయ్యి మూతల మీదికి పోతుంది. మూత ఎత్తాను, వంగాను, ఫోటో తీశాను, పంపాను. చెప్పులు విడిచినట్టే, అంతే ఆలోచన. ఎర్ర గీత చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. లోపల పిచ్చుక ఎడమచేత్తో గుండీలు కుట్టడం నేర్చుకుంటూ, వచ్చావా అక్కా, అంటోంది. చవక కెమెరా కనక మీటరు నంబరులో చివరి మూడంకెలు అలికినట్టు వచ్చాయి, ఆ మూడంకెల మీద అది ఇంకా బతికి ఉంది. మర్నాడు సాయంత్రం అతను మా ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు, మంచినీళ్లు అడిగాడు, తాగాడు. "వదినా, దక్షిణం వార్డు కూడా మీకే ఇచ్చారా?" అన్నాడు. లేదు బాబూ అన్నాను. గ్లాసు బోర్లించి పెట్టి, మీరు తప్పులు చెయ్యరే అనుకుంటున్నా, అన్నాడు. నిజమే, పదమూడేళ్లలో నా పేరు మీద ఒక్క తప్పు రీడింగు లేదు. అందుకే ఇవాళ్టిది కూడా నమ్ముతాడు, అదే అలవాటుతో వదిన చెయ్యి మళ్లీ జారిందనుకుంటాడు. అనుకోవాలి.

పైనుంచి చెప్పుల చప్పుడు. ఈ భవనంలో మోటారు వేసి ఆపే ముసలామె, గేటు దగ్గరి ఆడవాళ్లు మోటారు మామ్మ అన్నారు, గోడ పట్టుకుని దిగి నా పక్కన నిలబడింది. నీళ్లాఫీసు మనిషివా అంది, అవునన్నాను. కుళాయిలో నీళ్లు రాకపోయినా బిల్లు మాత్రం తడవకుండా వస్తుందే, అంది. ఎవరో తాగుతున్నారు మామ్మా, అన్నాను. నా తలకాయ తాగుతున్నారు, అంది. అసలు మీటరు ఇది కాదట, భవనానికంతా కలిపి పెద్దది మోటారు గదిలో ఉందట, మూడు నెలలుగా దాని మొహం చూసినవాడు లేడట, చూసి పొమ్మని తాళంచెవి నా చేతిలో పెట్టింది. గది మెట్ల పక్కనే, ఇనప తలుపు, లోపల మోటారు నడుస్తోంది. చూస్తాను మామ్మా, కాసేపాగి చూస్తాను, అన్నాను. కాసేపెందుకే, కాళ్ల నొప్పులా, అంది. తాళంచెవి అరచేతిలో చల్లగా ఉంది. అది చేతిలోకి వచ్చేదాకా అతన్ని ఇక్కడ ఎలా నిలబెట్టాలో నేను ఆలోచించలేదు, ఇరవై నిమిషాల్లో వస్తాడనే ఆలోచించాను, వచ్చి, తలుపులు కొట్టి, లేదని తెలిసి, తిరిగి ఇరవై నిమిషాల్లో వెళ్తే బస్సు అందుకుంటాడని ఆలోచించలేదు. తాళంచెవిని గుప్పిట్లో పెట్టి గుప్పిటను వీపు వెనక పెట్టుకున్నాను. లేచి ఇనప తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. అద్దంలో చూసుకోకపోయినా తెలుసు, అబద్ధం దాచే మనిషిలాగే ఉన్నాను. నాకు అబద్ధాలు ఎన్నడూ సరిగ్గా రావు, అది ఇవాళ పనికొచ్చింది.

11.13కి గేటు దగ్గర బండి ఆగింది. కోటు వంక చూశాడు, లోపలికొచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. "వదినా. ఇక్కడున్నారా." మీటర్లు చూస్తున్నానన్నాను. నా మొహం చూశాడు, భుజం చూశాడు, వీపు వెనకున్న చెయ్యి చూశాడు, తలుపు చూశాడు. ఈ గది ఏంటన్నాడు. మోటారు గది అన్నాను, నిజమే చెప్పాను, నిజం కూడా నా నోట్లో అబద్ధంలా వచ్చింది. తియ్యండి అన్నాడు. తియ్యకూడదు బాబూ అన్నాను. చిన్నగా నవ్వాడు. నన్ను వదిలేసి తలుపుతో మాట్లాడటం మొదలుపెట్టాడు, తల కొంచెం పక్కకు వంచి, అప్పుడు ఆటో పంపమంటారా అని అడిగిన గొంతుతోనే. రా, ఇంటికెళ్దాం. ఎవరూ ఏమీ అనరు. ఫోను ఇంట్లోనే మర్చిపోయావు, తెచ్చాను చూడు, అని జేబులోంచి పిచ్చుక ఫోను తీసి తలుపుకు చూపించాడు. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. 11.20. నాకు నవ్వు రాబోతే తల దించుకున్నాను. 11.24. వినిపించడం లేదనుకుని గొంతు పెంచాడు, మూడేళ్లుగా తెలిసిన మనిషి, అతని గొంతు పెరగడం నేను వినడం ఇదే మొదటిసారి, మోటారు చప్పుడు దాటి వినిపించాలి కదా. మొదటి అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. తడి చేతులతో ఒకావిడ, దువ్వెనతో ఒకావిడ, మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు. మామ్మ ఏదో అనబోతే ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాను, ఆగింది, పదునైన మనిషి, తలుపు వంక, అతని వంక, నా వంక చూసి నోరు మూసుకుంది. అతను వెనక్కి తిరగలేదు. ఎక్కడికి పోతావు, అని అడుగుతున్నాడు తలుపును. ఏ ఊరు పోయినా ఫోను కొనక తప్పదు, కొన్న రోజు తెలుస్తుంది. 11.31. మీ అక్క ఉద్యోగం సాయంత్రానికి ఉండదు, నీ వల్లే. 11.35. బస్సు కదలాలి. నడుము దగ్గర ఏమీ లేదు. 11.37. ఏమీ లేదు. టికెట్టు దొరకలేదా, పిన్ని కాలు మడత పడిందా, ఇంకెవరైనా చూశారా. అతను అరచేత్తో తలుపును కొట్టాడు, ఇనుము మోగింది. "రెండు వేళ్లకే ఇంత చేశావు. ఇంకా ఎనిమిదున్నాయి. గుర్తుంచుకో." మెట్ల మీద దువ్వెన కింద పడింది. నా మణికట్టు పట్టుకుని వెనక నుంచి లాగాడు, తాళంచెవి కోసం.

"చెయ్యి తియ్యి," అంది మామ్మ.

అప్పుడు తిరిగి చూశాడు. మెట్ల నిండా ఆడవాళ్లున్నారు, ఏడుగురు. ఒక్కొక్కరినీ చూశాడు, వాళ్లూ అతన్ని చూస్తున్నారు, ఎవరూ చూపు తిప్పలేదు. చెయ్యి వదిలాడు. 11.41కి నడుము దగ్గర అమ్మ ఫోను మోగింది, ఆగింది. మళ్లీ మోగింది, ఆగింది. మూడోసారి మోగుతుందేమోనని పది లెక్కపెట్టాను. మోగలేదు.

తాళం తీశాను. తలుపు తోశాను. మోటారు, పైపు, గోడకు మీటరు, మూలన ఒక బకెట్టు. అతను గడప మీద నిలబడి లోపలికి చూశాడు. బకెట్టు వెనక కూడా చూశాడు. తన ఫోను చూసుకున్నాడు, అందులో నా చుక్క ఉంది, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"ఎక్కడుంది?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు, నీ ఫోనును అడుగు," అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"సాయంత్రానికి మీ ఉద్యోగం ఉండదు వదినా."

"రాసుకో. నూట పదిహేడు, ఉత్తరం, మోటారు గది. స్పెల్లింగు కావాలా?"

మెట్ల మీద ఎవరో నవ్వారు. అతను గేటు దాటి బండి తీశాడు, దక్షిణం వైపే తిప్పాడు, రైలు గేటు పడిన గంట ఇక్కడికి వినిపించింది. సంచిలో నా పాత రీడింగు పుస్తకం ఉంది, ఆఫీసుకు అప్పగించకుండా దాచుకున్నది, పెన్సిలు దారంతో కట్టి ఉంది. మామ్మకిచ్చాను. ఎనిమిది వేళ్ల మాట విన్నవాళ్లు పేరు, గది నంబరు రాయండి, స్టేషనులో సాక్షులున్నారా అని అడుగుతారు, అన్నాను. మామ్మకు రాయడం రాదు, దువ్వెన ఆవిడ ఆమె పేరు రాస్తే పక్కన వేలిముద్ర వేసింది. ఏడుగురిలో అయిదుగురు రాశారు. ఇద్దరు లోపలికెళ్లిపోయారు. రాసినవాళ్లలో ఒకావిడ, మీ చెల్లి ఎక్కడికెళ్లింది, అని అడిగింది. చెప్పలేదు. సరేనంది.

మామ్మ తలుపు దగ్గర నిలబడి, మరి మీటరు చూడవా, అంది. చేతిరుమాలుతో లెన్సు మీది నూనె తుడిచాను. వంగాను. ఫోటోలో మీటరు నంబరు ఎనిమిదంకెలూ వచ్చాయి. రీడింగు 40618. 11.54కి పంపాను.